కుజుడు చంద్రుడంత కనబడునా?



2003వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీ సాయంకాలము మా యూరిలో పెద్దలును పిల్లలును మేడలెక్కి తూర్పుదిక్కు చూచుచు కూర్చుండిరి. ఆ రాత్రి కుజగ్రహము భూమికి మిక్కిలి చేరువకు వచ్చి పూర్ణచంద్రుడంత కనబడునని, ఆకసమున ఇద్దరు చంద్రులను చూడవచ్చునని వినివచ్చినవారు వారందరు. నేనును వారిలో నొకడను. వానకాలమైనను మబ్బు విచ్చియుండెను. ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికి తూర్పునకు రవంత దక్షిణముగా ఎఱ్ఱని చుక్క యొకటి పైకి వచ్చినది. నా ప్రక్కనున్న వృద్ధుడొకడు దానిని చూచి, "ఇంతేనా నాయనా? దీనికొఱకా మమ్ము కూర్చుండబెట్టినారు?" అని లేచిపోయెను.

నాడు మాలో ఒక్కరికిని తోచని సంగతి యొకటి కలదు. అది శ్రావణ బహుళామావాస్య. ఉదయమే మా యిండ్లలోని స్త్రీలు పోలాలమావాస్య పూజ చేసికొనియుండిరి. ఇద్దరు చంద్రులు కనబడుదురన్న రాత్రి ఒక్క చంద్రుడైనను లేని రాత్రి! తిథులను వ్రేళ్ళమీద లెక్కించు మనమే ఆ మాట అడుగకపోతిమి.

అయినను ఆ వార్త పూర్తిగా కల్ల కాదు. ఆనాడు కుజునికిని భూమికిని నడుమ దూరము 5 కోట్ల 57 లక్షల 58 వేల కిలోమీటర్లు. అంత చేరువకు కుజుడు వచ్చి ఇంచుమించు 60 వేల సంవత్సరములు గడచినవని గణితజ్ఞులు లెక్కకట్టిరి. ఈ సత్యమునందును కొంత మర్మము లేకపోలేదు. 1924 ఆగస్టులో కుజుడు దీనికంటె సుమారు 19 వేల కిలోమీటర్లు మాత్రమే యెక్కువ దూరమున నుండెను. ఆ భేదము ఏ కంటికిని తెలియదు. మన పెద్దలు 1924లో చూచిన కుజుడే 2003లో మనకును కనబడెను. నాడు అమెరికా నౌకాదళమువారి రేడియో కేంద్రములు, కుజునినుండి ఏదైన పలుకు వచ్చునేమో యని చెవియొగ్గి యుండవలసినదిగా కోరబడినవి. కుజునివారెవరును పలుకలేదు! రేడియోలో మాటలాడుచు ఆ సంగతి తలచుకొన్నపుడు నాకు నవ్వు వచ్చుచున్నది.

ఈ చేరిక యెట్లు కలుగును? భూమి సూర్యుని చుట్టు ఒక యేట తిరుగును. కుజునికి 687 దినములు పట్టును. కావున సుమారు 780 దినముల కొకసారి మన భూమి కుజుని దాటిపోవును. అట్లు దాటు వారములలో కుజుడు వెనుకకు నడచినట్లు తోచును. పంచాంగములలో కుజుడు వక్రించెనని వ్రాయునది దానినే. అతని మార్గము కోలగా నుండుటచే సూర్యునినుండి అతని దూరము ఒకప్పుడు 20 కోట్ల 70 లక్షలు, ఒకప్పుడు 24 కోట్ల 90 లక్షల కిలోమీటర్లు. దగ్గరి వంపులో నున్నపుడు మనము దాటినచో పెద్ద చేరిక. అది 15 లేక 17 ఏండ్ల కొకసారి వచ్చును.

ఇక చంద్రుని మాట. 75 రెట్లు పెంచి చూపు దూరదర్శినిలో కుజుడు, వట్టి కంటికి చంద్రుడు కనబడునంత కనబడునని ఎవరో సరిగానే వ్రాసిరి. ఆ వాక్యము పంక్తుల నడుమ విరిగినది. దూరదర్శిని మాట జారిపోయి, చంద్రుని మాట మిగిలినది. పిమ్మట చాల యేండ్లు, ప్రతి ఆగస్టులోను, అదే వార్త తిరిగి తిరిగి వచ్చెను.

దీనిని పరీక్షించుటకు పెద్ద శాస్త్రము అక్కఱలేదు. చంద్రుని అడ్డుకొలత 3,475 కిలోమీటర్లు. కుజునిది 6,780, అనగా ఇంచుమించు రెట్టింపు. కావున చంద్రుడున్న దూరమునకు రెట్టింపు దూరములోనికి వచ్చినగాని కుజుడు చంద్రుడంత కనబడడు. ఆ రాత్రి అతడుండినది 145 రెట్ల దూరమున! ఇంకొక విధముగా చెప్పెదను. చేయి బారుగా చాచి, వ్రేళ్ళ నడుమ కందిగింజను పట్టి చూచినచో పూర్ణచంద్రుడు దానిచాటున దాగును. అట్లే పట్టిన తలవెండ్రుక మందమే ఆనాటి కుజుని వెడల్పు.

2018 జూలై 27వ తేదీ, గురుపూర్ణిమనాటి రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణము పట్టినది. అపుడును కుజుడు చేరువలోనే యుండి, చంద్రునికి దక్షిణముగా కొద్ది యెడములో వెలుగుచుండెను. ఇద్దరును ప్రక్కప్రక్కనే యుండగా ఎవరెంతయో నేను కన్నులార చూచితిని.

ఆ అమావాస్య రాత్రి లేచిపోయిన వృద్ధునిగూర్చియే నాకు విచారము. నడిరేయి కుజుడు ఆకసమున పైకెక్కి నిలిచినపుడు ఆ చీకటిలో దానిని మించిన చుక్క లేదు. చంద్రుని కొఱకు వచ్చి ఆయన దానిని చూడకయే పోయెను.

2027 ఫిబ్రవరి చేరికలో కుజుడు 10 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరముననే యుండును. 2035 సెప్టెంబరులో 5 కోట్ల 69 లక్షలకు వచ్చును. ఆ దినములలో ప్రొద్దు గ్రుంకిన పిమ్మట తూర్పున చూడుడు. మినుకుమినుకుమనక నిప్పుకణికవలె నిలుకడగా వెలుగునది కుజుడు. పిల్లలను మేడమీదికి తీసికొనిపోవునపుడు, చూడబోవునది చుక్కనే యని మెట్లయొద్దనే చెప్పుడు.