గూఢచారి చిత్రములలో కథయు పోరాటమును

గూఢచారి కథ మనకు క్రొత్తది కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసము ఏడంకముల నాటకము. అందు చాణక్యుని చారుడు యమపటము చేతబట్టి యిల్లిల్లు తిరుగును. రాక్షసుని చారుడు పాములవాని వేషమున వార్తలు తెచ్చును. ఒక యుంగరము, ఒక లేఖ, కొన్ని నగలు చేతులు మారును. వానితో రాజ్యముల గతియు మారును. ఇంతటి కథలో రంగముమీద ఒక్క యుద్ధమైనను జరుగదు. యుద్ధమును వధను ప్రత్యక్షముగ జూపరాదని నాట్యశాస్త్రము నిషేధించినది. అట్టివానిని పాత్రల మాటలచే సూచింపవలెను.

నేటి చలనచిత్రమునకు ఆ నిషేధము లేదు. కారులు గాలిలోని కెగురును, మేడలు కూలును, విమానములు మండును. చూపగల శక్తి యున్నప్పుడు ఎంత చూపవలెను, ఎచ్చట చూపవలెను అను వివేకము మరింత యవసరము. మనుమలతో గూర్చుండి యిట్టి చిత్రము చూచు పెద్దలు తరచుగా “ఎవరు ఎవరిని కొట్టుచున్నారు? ఎందులకు?” అని యడుగుదురు. పిల్లలు నవ్వుదురు. కాని యది నవ్వదగిన ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు చిత్రములో బదులు దొరకనిచో లోపము చూచువానిది కాదు, కథ చెప్పినవానిది.

పోరాటమును కథయు నెట్లు పొసగునో కొన్ని ప్రసిద్ధ చిత్రములనుండి చూపెదను.

మొదటిది బీజము. 1963లో వచ్చిన ‘ఫ్రం రష్యా విత్ లవ్’ అను చిత్రమున జేమ్స్ బాండు అను ఆంగ్ల గూఢచారికిని, అతనిని జంపవచ్చిన గ్రాంటు అనువానికిని రైలుపెట్టెలో ద్వంద్వయుద్ధము జరుగును. చోటు మిక్కిలి యిరుకు, ఆయుధములు స్వల్పము. అయినను ఆ ఘట్టము నేటికిని ప్రశంసింపబడుచున్నది. కారణమేమనగా, దానికి కావలసిన సామగ్రి యంతయు ముందే మనకు జూపబడినది. గ్రాంటు గడియారములో దాగిన ఉరితీగను చిత్రారంభముననే చూచితిమి. బాండునకిచ్చిన చేతిపెట్టెలో బంగారు నాణెములు, కత్తి యున్నవనియు, దానిని తెలియక తెరచిన బాష్పవాయువు చిమ్ముననియు ఎరుగుదుము. భోజనపు బల్లయొద్ద గ్రాంటు చేపతో ఎఱ్ఱని ద్రాక్షసారాయము కోరుట ఆ దేశపు మర్యాద యెఱిగినవారు చేయని పని, అదియు చూచితిమి. విత్తినవన్నియు ఆ యిరుకు గదిలో ఒక్కసారిగా ఫలించును. విత్తనిదే పంట కోయజూచు చిత్రమున ఎన్ని దెబ్బలు పడినను మనస్సునకు తగులవు.

రెండవది నిరీక్షణము. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1959లో తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ చిత్రములో నాయకుడు ప్రకటనలు వ్రాయించు వ్యాపారి. శత్రువులు అతనిని వేరొక గూఢచారిగా పొరబడుదురు; ఆ గూఢచారియో లోకములో లేనేలేడు, ప్రభుత్వమువారు కల్పించిన పేరు మాత్రమే. ఆ లేనివానిని కలియుటకై నాయకుడు బయలు మైదానమున బస్సు దిగి నిలుచును. చెట్టు లేదు, ఇల్లు లేదు. కారొకటి వచ్చును, పోవును. బస్సుకై నిలిచిన వేరొక మనుష్యుడు, పైరు లేనిచోట పైరుమందు చల్లు విమానము తిరుగుచున్నదేమని వింతపడి తన దారిని పోవును. అప్పుడు ఆ విమానము నాయకునిపైకి దిగును. విమానము నూనెబండిని ఢీకొనువరకు అందు వాద్యసంగీతము లేదు. ఆ నిశ్శబ్దమే భయమును బెంచినది. మరియు నాయకుడు తప్పించుకొని వచ్చినపిమ్మట, తన్నచ్చటికి బంపిన ప్రియురాలి మాట యబద్ధమని గ్రహించును. పోరాటము ముగియగనే కథ యొక మెట్టెక్కినది.

ఆ దర్శకుడే 1946లో ‘నొటోరియస్’ అను చిత్రమును దీసెను. అందు తుపాకి మ్రోగదు. రియో డి జనీరో నగరమున నాయిక దేశకార్యమునకై శత్రువును బెండ్లాడి, విందునాడు భర్త తాళపుగుత్తినుండి సారాయపు కొట్టుగది తాళము తస్కరించును. విందులో సీసాలు తరుగుచుండును. అవి ముగిసినచో భర్త కొట్టుగదికి పోవలసివచ్చును, తాళము లేదని తెలియును. పెండ్లి పందిట నేయి నిండుకొనుచుండగా కొట్టు తాళము కనబడనప్పుడు ఇంటి యజమానికి గలుగు ఆతురత మన మెఱుగనిదా? ఇచ్చట తరుగుచున్న సీసాలే గుఱ్ఱపు రౌతుల దండుకన్న నెక్కుడు భయము పుట్టించును.

మూడవది ఫలము. 2006లో వచ్చిన ‘కేసినో రాయల్’ చిత్రమున బాండు మెట్లమీద ఇద్దరితో పోరాడి వారిని చంపును. లెక్కలు చూచుటకై వెంటవచ్చిన ఉద్యోగిని వెస్పర్ ఆ హత్యలను కన్నులార చూచును. పిమ్మట ఆమె కట్టుబట్టలతోనే నీటిధార క్రింద గూర్చుండి వణకుచుండగా, బాండు వచ్చి మాటలాడక ప్రక్కన గూర్చుండును. మనుష్యుని ప్రాణము తీయుట ఎంత బరువైన పనియో ఆ నీటిధార చెప్పినట్లు ఏ యుపన్యాసమును చెప్పజాలదు. దాని తరువాతి బాండు చిత్రము ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ 2008లో వచ్చినది. రచయితల సమ్మె కాలమున దాని రచన కుంటువడెను. పోరాట ఘట్టములలో దృశ్యములు రెప్పపాటున మారుటచే ఎవరెచ్చట నున్నారో తెలియుటలేదని పలువురు విమర్శకులాక్షేపించిరి.

తెలుగున 1966లో కృష్ణ నటించిన ‘గూఢచారి 116’ మొదలు 2018లో అడివి శేష్ నటించిన ‘గూఢచారి’ వరకు ఈ జాతి చిత్రములు ఆదరణ పొందినవి. వానికిని ఈ కొలతయే వర్తించును.

మన యాలంకారికులలో ఆనందవర్ధనుడు ఈ విషయమును స్పష్టపరచినాడు. నాటకమున సంధ్యంగములను రసపోషణకై కూర్పవలెనే గాని, శాస్త్రములో నున్నవి గదా యని కూర్పరాదని యాతని మతము. నేటి చిత్రములకు ‘పావుగంట కొక పోరాటము’ అను నియమమే శాస్త్రమైనచో, ఆ పొరపాటు మరల జరుగుచున్నదన్నమాట.

కావున పిల్లలతో చిత్రము చూచినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. పోరాటమునకు ముందు మనకేమి తెలిసినది? పోరాటమున దేనికై భయపడితిమి? ముగిసినపిదప ఎవరి బ్రతుకు మారినది? చంపినవానికిని చూచినవానికిని ఏమియు మారనిచో, మనుష్యుడు చచ్చుట బొమ్మ విరుగుటతో సమానమని పిల్లవాని మనస్సున నాటుకొనును. ముద్రారాక్షసమున రాక్షసుడు కత్తికి లొంగలేదు; తన మిత్రుడైన చందనదాసుని వధ్యస్థానమునకు గొనిపోవుచున్నారని విని లొంగెను. ఒక్క ప్రాణము విలువ తెలిసిన కథకే వేయి కత్తుల బలము గలుగును.