కుప్పం వెదకినచో కుప్పము దొరకునా?

1919లో మదనపల్లె కళాశాలకు విచ్చేసిన రవీంద్రనాథ ఠాగూరు 'జనగణమన' గీతమును ఇంగ్లీషులోనికి అనువదించినది అచ్చటనే. ఈ సంగతిని ఒక విద్యార్థి తన సెల్‌ఫోనులోని నోట్సులో 'మదనపల్లి' అని వ్రాసికొన్నాడనుకొందము. పరీక్షకు ముందు 'మదనపల్లె' అని వెదకును, ఏమియు దొరకదు. తాను వ్రాయనే లేదని నిశ్చయించుకొనును. నష్టమెల్ల ఇచ్చటనే ఉన్నది. 'ఈ అక్షరములు ఈ వరుసలో లేవు' అని యంత్రము చెప్పగా, 'ఈ విషయమే లేదు' అని మనము వినుచున్నాము.

కుప్పం సంగతి మరింత చిక్కు. 'కుప్పం' అని వెదకినచో 'కుప్పంలో' దొరకును గాని, 'కుప్పము', 'కుప్పానికి' దొరకవు. కొన్ని విభక్తులు చేరగానే సున్న మాయమగును గదా! పోనీ, 'కుప్ప' అని వెదకుదమన్న ద్రావిడ విశ్వవిద్యాలయముతోపాటు చెత్తకుప్పలును వచ్చి ముందు నిలుచును. పుంగనూరు ఆవు పొట్టిదే; పట్టుట మాత్రము తేలిక కాదు. కొటేషన్ గుర్తుల నడుమ నుంచిన మాటలు అదే వరుసలో, పక్కపక్కనే ఉండవలెనని యంత్రమునకు ఆజ్ఞ. 'పుంగనూరు ఆవు' అని అట్లు వెదకినచో 'పుంగనూరి ఆవు' తప్పించుకొని పోవును. ఇక ప్రశ్నార్థకము, శాతపు గుర్తు వంటి వానిని పెక్కు సాఫ్ట్‌వేర్లు పదసూచి కట్టునప్పుడే విడిచిపెట్టును. అవి ఎంత వెదకినను దొరకవు.

'గుఱ్ఱము', 'గుర్రము' నేడు మన చెవికి ఒక్కటే. 1991 నుండి తెలుగునకు చోటిచ్చిన యూనికోడులో ర, ఱలకు వేర్వేరు సంఖ్యలు. అరసున్నకును ఒక సంఖ్య కలదు. కావుననే 'వాఁడు' అని ఉన్నచోట 'వాడు' దొరకదు. అన్నింటికంటె గడుసుది కంటికి కనబడని గుర్తు. 'సాఫ్ట్‌వేర్' అను మాటలో వకారము ఒత్తుగా మారకుండ నడుమ నిలిచి కాపాడునది అదియే. అది ఏ మాట చివరనో మిగిలిపోయినచో చూపునకు భేదమే లేదు. యంత్రమునకు మాత్రము అది వేరు మాట కావచ్చును.

యంత్రము కొరకు పాత గ్రంథములోని ఱకారమును రకారముగా దిద్దుట నాకు సమ్మతము కాదు. ఉపాధ్యాయులు మూలమును ఉన్నదున్నట్లు వ్రాసికొని, దాని క్రింద నేటి రూపమును గూడ చేర్చినచో చాలును. ఊరిపేర్లకును అంతే: మదనపల్లె, మదనపల్లి రెండును ఒకే పంక్తిలో ఉండనిండు. పుంగనూరును వెదకునప్పుడు 'పుంగనూర' వరకే కొట్టుడు. అక్షరమును ఖండించి చూడగల సాఫ్ట్‌వేరైనచో 'రు'యు, 'రి'యు రెండును వచ్చును.