తంత్రి నిడివి

పత్తియు మిరపయు పండు గుంటూరు సీమలోని పొన్నెకల్లున 1920లో జన్మించిన షేక్ నాజరు, భుజమున తంబుర ధరించి అడుగులు వేయుచు బుర్రకథ చెప్పెడివారు. ఆడుచు పాడువాని వాద్యమునకు నాదమొక్కటే చాలదు. అది మేనికిని ఒదగవలెను.

మెట్లులేని అయిదు తంత్రుల బేస్ గిటారు కొనబోవు విద్యార్థికి నేడు ఎదురగు చిక్కును ఇదియే. దాని మంద్రతంత్రి సెకనుకు సుమారు 31 మారులు కంపించును. నిడివి తక్కువైనచో బిగువు చాలక నాదము వదులగును. 34 అంగుళములకు మారుగా 35 అంగుళముల వాద్యము గైకొన్నచో, అదే తంత్రికి, అదే శ్రుతిలో, బిగువు సుమారు 6 శాతము హెచ్చును. అందుకు మూల్యము చేయి చెల్లించును: తొలి నాలుగు స్వరస్థానములను అందుకొనుటకు వ్రేళ్లు మరికొంత అదనముగా సాగవలెను.

మెట్లున్న వాద్యమున వ్రేలి తప్పును మెట్టు కప్పిపుచ్చును. ఇచట ఆ ఆసరా లేదు. అలసిన వ్రేలు రవ్వంత తొలగినను అపశ్రుతి సభకు వినబడును. కావున మంద్రతంత్రిని మీటి చెవితో విని, తొలి స్థానములను చేతితో తడవి, ఆ పిమ్మటనే ధర అడుగవలెను. తన భుజము నెరిగి తంబుర నెన్నుకొను కథకుని వివేకమిదియే.