నీరు – నిలువ పాత్ర

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అంచునే కృష్ణానది ప్రవహిస్తున్నా, అక్కడి మెట్ట గ్రామాల ప్రజలు గుక్కెడు నీటికి తరతరాలుగా బావులను, బోర్లను ఆశ్రయించారు. అటువంటి చోట నీటిని సంపాదించడం ఎంత కష్టమో, దానిని చెడకుండా నిలువ చేయడం అంత అవసరం. పూర్వం వాకిట రాతి తొట్టి, ఇంట మట్టి రంజన్, ఇత్తడి బిందె ఆ పని చేసేవి. నేడు మిద్దెలపై ట్యాంకులు వెలిశాయి. పాత తొట్టి పాడైనప్పుడు కొత్తది దేనితో చేసినదై ఉండాలి?

నడిసముద్రంలో మరో బావి ఉండదు కనుక, ఓడవారికీ ఈ ప్రశ్న ఎదురైంది. కొయ్య పీపాలలో నీరు త్వరగా చెడిపోయేది. 19వ శతాబ్ది తొలినాళ్లలో బ్రిటిష్ నౌకాదళం వాటికి బదులుగా ఇనుప తొట్లను ప్రవేశపెట్టింది. అయితే ఇనుము తుప్పు పడుతుంది. ప్రతి పదార్థానికీ ఒక గుణం, ఒక దోషం ఉంటాయన్నమాట.

మట్టికుండ సూక్ష్మరంధ్రాల గుండా నీరు ఊరి ఆవిరవుతుంది. అందువల్ల లోపలి నీరు చల్లబడుతుంది. కాని అది పెళుసైనది. రాగి సూక్ష్మక్రిములను నశింపజేస్తుంది. అయితే దాని ధర ఎక్కువ, పులుపు దానికి సరిపడదు. సిమెంటు తొట్టి చాలాకాలం మన్నుతుంది. కొత్తలో సున్నపు గుణం నీటిలో కలుస్తుంది కనుక, దానిని కొన్నిసార్లు నింపి పారబోయాలి. నల్లని ప్లాస్టిక్ ట్యాంకు తుప్పు పట్టదు. వెలుతురును లోనికి రానీయదు కనుక పాచి పెరగదు. ఎండాకాలంలో మాత్రం నీరు వేడెక్కుతుంది. స్టీలులోని క్రోమియం పైపొరగా ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది; అయినా ఉప్పునీటికి అతుకుల వద్ద గుంటలు పడవచ్చు.

అయితే ఈ ప్రాంతంలో పాత్రను మార్చినంత మాత్రాన తీరని సమస్య ఒకటుంది. గ్రానైటు శిలల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలో కలుస్తుంది. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రామును మించకపోవడం మంచిది, 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకొని నడుములు వంగిపోతాయి. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. కాచినా అది పోదు. నీరు ఇగిరిన కొద్దీ దాని పాలు పెరుగుతుంది.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన 'నల్లగొండ పద్ధతి' ఇందుకొక మార్గం చూపింది. నీటిలో పటిక, సున్నం తగుపాళ్లలో కలిపి, కలియబెట్టి, తేరనిస్తారు. అడుగుకు చేరే మడ్డితో పాటు చాలావరకు ఫ్లోరైడు దిగిపోతుంది. బ్లీచింగ్ పౌడరు క్రిములను చంపుతుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం శుద్ధి చేసిన నదీజలాలను ఈ పల్లెలకు తెచ్చింది.

అయినా జాగరూకత తప్పదు. నదీజలం నింపిన ట్యాంకులోనే బోరునీటిని వదిలితే, తొలగిన కీడు మళ్లీ కడవలోకి వస్తుంది. తాగునీటికి వేరు తొట్టి, దానికి బిగువైన మూత, తరచుగా కడిగే అలవాటు ఉండాలి. పాత్ర నీటిని కాపాడగలదే కాని శుద్ధి చేయలేదు. కాబట్టి తొట్టి దేనితో చేసినదని అడగడానికి ముందు, అందులో పోసే నీరు ఎక్కడిదని అడగడమే వివేకం.