తలకు హెల్మెట్... మరి పాదానికి?

బైకెక్కేటప్పుడు తలకు హెల్మెట్ ఉంటుంది, కాళ్లకు మాత్రం చెప్పులే! బండి పక్కకి ఒరిగితే దాని కింద నలిగేది చీలమండే. అందుకే బూట్లు కొనేముందు లోపలి లేబుల్ చూడాలి. యూరప్ ప్రమాణం 'ఈఎన్ 13634'తో పాటు నాలుగు అంకెలుంటాయి. బూటు ఎత్తు, రాపిడినీ కోతనూ తట్టుకునే శక్తి, పక్కల నుంచి నొక్కితే అణగని గట్టిదనం... వరసగా వాటి అర్థం ఇదీ. 1 కన్నా 2 మెరుగు.

రోజూ ఆఫీసుకెళ్లేవారికి చీలమండ దాటి, నడవడానికి వీలుగా, జారని సోలుతో ఉన్నవి చాలు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై లాంటి రేస్ ట్రాక్‌కి వెళ్తే పిక్క వరకూ ఉన్నవే వేసుకోవాలి. చీలమండ మెలిపడకుండా ఆపే ఏర్పాటు, వేళ్ల పక్కన స్లయిడర్ ఉండాలి. వాటితో బజారంతా తిరగడం మాత్రం కష్టం!

ఏవైనా సరే, బండి మీద కూర్చుని గేరు మార్చి చూశాకే డబ్బు కట్టండి. లేసులు వేలాడకుండా చూసుకోండి.