పెనెలోపీ: పడతి పేరా? పక్షి పేరా?

మేనక మాలినీతీరమున విడిచిపోయిన పసికందును శకుంతములు కాపాడినందున, కణ్వమహర్షి ఆ బిడ్డకు శకుంతల యని పేరిడెనని ఆదిపర్వమున చదివియుందుము. ఇట్టి కథయే యవనదేశమునను గలదు. సముద్రమున పడవేయబడిన యొకతెను 'పెనెలోప్సు' అను బాతులు గట్టు జేర్చెననియు, అందుచే ఆమెకు పెనెలోపీ యను పేరు గలిగెననియు ప్రాచీనవ్యాఖ్యాతలు వ్రాసిరి. నేతనూలును దెలుపు శబ్దమునుండి యీ పేరు పుట్టెనని మరికొందరి మతము.

హోమరు రచించిన 'ఒడిస్సీ' కావ్యమున ఈమె నాయిక. భర్త యగు ఒడిస్సియసు ట్రాయి యుద్ధమునకు బోయి 20 ఏండ్లు తిరిగి రాలేదు. తన్ను వరింపుమని 108 మంది యింట జేరి పీడింపగా, మామగారు గతించునాడు కప్పుటకు వస్త్రము నేసినగాని పెండ్లిమాట తలపెట్టనని చెప్పి, పగలు నేసినదానిని రాత్రి విప్పుచు మూడేండ్లు గడపెను. లోకము ఈమెను ఓర్పునకు మేలుబంతి యనును. నాకు మాత్రము ఆమె బుద్ధిబలమే గొప్పగా దోచును. భర్త వచ్చి యెదుట నిలిచినను ఆమె తటాలున నమ్మలేదు. వారి మంచమును వెలుపల వేయుమని దాసితో ననెను. ఆ మంచపుగోడు వేళ్లతో భూమిలో నాటుకొనియున్న ఆలివుమ్రాను, కదలునది కాదు. అతడు కోపించి యా గుట్టు వెల్లడించిన పిదపగాని ఆమె యతనిని కౌగిలింపలేదు.

ఆ కథలోనే 12 మంది దాసీలను ఉరిదీసిరి. ఆ ఘట్టమును కావ్యము కొలది పంక్తులలో దాటిపోవుట నా మనసునకు ముల్లువలె నుండెడిది. కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ 2005లో 'పెనెలోపియడ్' వ్రాసి, ఆ దాసీలచేతను గూడ పలికించినది.

ఇక పక్షుల సంగతి. 1758లో స్వీడనుదేశపు లిన్నేయసు ఒక యడవిబాతునకు పెనెలోపీ యని శాస్త్రనామ మొసగెను; పేరు మరల బాతునే చేరినది! మగదాని తల కావిరంగు, నొసట పసుపు పూసినట్లుండును. కూత యీలవలె వినబడును. ఉత్తర యూరపు, సైబీరియాలలో గ్రుడ్లు పెట్టు నీ బాతులు చలికాలమున మన పులికాటు, కొల్లేరులకును వచ్చును. పొదుగుట యాడుదాని పనియే. పిల్లలు వెలువడకమునుపే మగది విడిచిపోవును. పేరు బాగుగనే యమరినది.

1786లో మెరెమ్ అను జర్మను పండితుడు అమెరికాఖండపు అడవులలో చెట్లపై దిరుగు కోడివంటి పక్షుల ప్రజాతి కంతకును ఇదే పేరు పెట్టెను. వానిలో తెల్లరెక్కల పెనెలోపీ యొకటి. శాస్త్రమున కెక్కిన యీ పక్షి పిదప సుమారు నూరేండ్లు కానరాక, నశించిపోయినదని యెల్లరు తలచుచుండగా, 1977లో పెరూదేశపు మెట్టయడవులలో సజీవముగా గనబడెను.