సముద్రం మీద అమ్మతో ఒక రోజు

కృష్ణా జిల్లా ఆడవాళ్ళకి సముద్రం అంటే ఏం గుర్తొస్తుంది? మాఘ పౌర్ణమికి హంసలదీవిలో స్నానం, కార్తీకంలో మంగినపూడి బీచి. మోకాలి లోతు నీళ్ళలో మూడు మునకలేసి, తడి చీర పిండుకుని బస్సెక్కేస్తాం. అంతే! ఇంత తీరం పక్కనే ఉన్నా ఆ నీళ్ళ మీదికి వెళ్ళేది చేపలు పట్టేవాళ్ళే. ఓడలో షికారంటే మనకి సినిమాల్లోనో, అమెరికాలో ఉన్న పిల్లలు పంపే ఫోటోల్లోనో చూడటమే.

అలాంటిది 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచే పర్యాటకుల ఓడ బయల్దేరింది. కార్డీలియా సంస్థ వారి ‘ఎంప్రెస్’. మా అమ్మాయి పట్టుబట్టి మూడు టిక్కెట్లు తీసింది. తనకి, నాకు, మా అమ్మకి.

“నేను రాను” అంది అమ్మ. ఎందుకో మాకు తెలుసు. అమ్మ దివిసీమ ఆడపడుచు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వాళ్ళ పెద్దక్కనీ, అక్క పిల్లలిద్దరినీ పోగొట్టుకుంది. ఆ తర్వాత నలభై నాలుగేళ్ళు సముద్రం ఒడ్డుకే వెళ్ళలేదు. మాఘ పౌర్ణమి స్నానాలకి కూడా!

“నీ పక్కనే పడుకుంటా అమ్మమ్మా, నీ చెయ్యి వదల్ను” అని మనవరాలు వారం రోజులు బతిమాలితే చివరికి సరేనంది. బెజవాడలో రత్నాచల్ ఎక్కి విశాఖ చేరాం. దారికని అమ్మ చేసిన పులిహోర రైల్లోనే ఖాళీ చేశాం. ఓడల్లోకి ఇంటి వంటలు మామూలుగా రానివ్వరు మరి.

పదకొండు అంతస్తుల ఊరు

1990లో కట్టిన ఓడ అది. పొడవు 211 మీటర్లు. పదకొండు అంతస్తులు, పద్దెనిమిది వందల మంది దాకా పట్టే గదులు, భోజనశాలలు, నాటకశాల, ఈతకొలను... ఊరికి ఊరే కదిలినట్టుంటుంది.

ఓడ కదిలే ముందు అందరికీ ఒక పాఠం చెబుతారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ప్రమాదం అన్నమాట. వెంటనే లైఫ్ జాకెట్ తీసుకుని, ఎవరికి కేటాయించిన చోటికి వాళ్ళు చేరాలి. 1912లో టైటానిక్ మునిగాక ఇలాంటి కట్టుబాట్లు ప్రపంచమంతా వచ్చాయి. చుట్టూ అందరూ సెల్ఫీలు దిగుతుంటే, అమ్మ మాత్రం ఒక్క ముక్క వదలకుండా విన్నది. జాకెట్ తాళ్ళు రెండుసార్లు కట్టి, విప్పి చూసుకుంది.

“ముందుగా చెబుతున్నారు. నయమే” అంది.

వంట లేని పొద్దు

తెల్లారి లేచేసరికి చుట్టూ నీళ్ళే. ఆ రోజంతా ఓడ ఎక్కడా ఆగదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పాలవాడు రాడు, పనిమనిషి మానేసిందన్న బెంగ లేదు. ఇడ్లీ, పూరీ, పండ్లు అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. అమ్మ కాఫీ తాగి, “ఇప్పుడేం చెయ్యాలే?” అనడిగింది. ఏం చెయ్యక్కర్లేదమ్మా అంటే నమ్మలేదు. గదిలోకెళ్ళి దుప్పట్లు మడత పెట్టేసింది!

గది సర్దడానికి వచ్చిన అమ్మాయి నవ్వింది. ఈశాన్య రాష్ట్రాల పిల్ల. ఇంటికెళ్ళి నెలలైందట. మనకి సెలవు రోజైన ఆ రోజు తనకి పని రోజు. “మీ అమ్మ బెంగపెట్టుకోదూ?” అని అమ్మ అడిగితే నేను హిందీలో చెప్పాను. ఆ పిల్ల తలొంచుకుని, “డబ్బు పంపిస్తున్నా కదా ఆంటీ” అంది.

దివి దాటుతూ

పొద్దెక్కాక మా అమ్మాయి ఫోన్ తెచ్చి చూపించింది. సిగ్నల్ లేకపోయినా మ్యాప్ ముందే దించుకుంటే మనం ఎక్కడున్నామో జీపీఎస్ చెప్పేస్తుంది. మా చుక్క సరిగ్గా కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా ఉంది.

“ఏ పక్క?” అంది అమ్మ.

“కుడి పక్క అమ్మమ్మా.”

కమ్మీ పట్టుకుని నిలబడింది. ఒడ్డు కనిపించలేదు. నీలం నీళ్ళు, ఎండ. చాలాసేపు చూసి, “ఇంత నెమ్మదిగా కూడా ఉంటుందా ఇది?” అంది. తర్వాత తనే చెప్పుకొచ్చింది. ఆ రోజు వాళ్ళ ఊళ్ళో రేడియో ఉన్నది ఒకే ఇంట్లో. తుపానంటే గాలి, వాన అనుకున్నారు కానీ, సముద్రం లేచి ఇంట్లోకొస్తుందని ఎవరూ అనుకోలేదు. “నిన్న వీళ్ళు చెప్పినట్టు మాకూ ఎవరైనా చెప్పి ఉంటే అక్క బతికేది” అంది.

నిజమే. 1864లో బందరు మీదికొచ్చిన ఉప్పెన సుమారు ముప్ఫై వేల మందిని మింగింది. 1977లో దివిసీమ, ఆ చుట్టుపక్కల దాదాపు పదివేల మంది పోయారు. 1990 మే తుపాను కూడా కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పటికి జనాన్ని ముందుగా లక్షకు పైగా తరలించడంతో పోయినవాళ్ళు వెయ్యి లోపే. ఆ సముద్రమే, ఆ తీరమే. తేడా అంతా ముందు మాటలోనే ఉంది.

ఆ మరుసటి మాఘ పౌర్ణమికి అమ్మ హంసలదీవి వెళ్ళింది. అక్క పేరున మూడు మునకలేసి వచ్చింది.

మీరూ వెళ్ళాలనుకుంటే...

* ఈ ఓడలు విశాఖ నుంచి ఏడాది పొడుగునా ఉండవు. తేదీలు ముందే కనుక్కోండి. విశాఖలో ప్రయాణికుల కోసం కొత్త టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది.

* తల తిప్పుతుందన్న భయం ఉంటే కింది అంతస్తులో, ఓడ మధ్యలో గది అడగండి. ఊపు అక్కడ తక్కువ. వికారంగా ఉంటే గదిలో పడుకోకుండా పైకొచ్చి, గాలి తగిలేలా నిలబడి దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతని చూడండి. అల్లం ముక్క చప్పరించినా కొందరికి హాయిగా ఉంటుంది.

* గర్భిణులు ముందుగా డాక్టరునీ, ఓడ సంస్థనీ అడగాలి. ఆరో నెల దాటితే చాలా ఓడల్లో ఎక్కనివ్వరు.

* బీపీ, షుగరు మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి. పెట్టెలు గదికి చేరడానికి ఆలస్యం కావచ్చు.

* టిక్కెట్లో ఏవి కలిశాయో, వేటికి విడిగా డబ్బు కట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఓడలో జూదశాల కూడా ఉంటుంది. పర్సు జాగ్రత్త!

* భద్రత పాఠాన్ని మాత్రం సెల్ఫీల గొడవలో పడి వదిలెయ్యకండి. పిల్లల చేత జాకెట్ తొడిగించి చూడండి.